అక్కమ్మ కత్తిపీట

తిరువూరు బస్సులో ఎండుచేపల గంపకు చోటుండేది కాదు. పైన కట్టమనేవారు. గంపతో పాటు గంప మనిషిని కూడా పైకెక్కమన్న కండక్టర్లున్నారు. "అబ్బా, ఏం కంపురా బాబూ" అని తువ్వాలు ముక్కుకడ్డం పెట్టుకున్న పెద్దమనుషులే, సంతరోజున చేతిసంచీ పుచ్చుకుని అక్కమ్మ ముందు గొంతుక్కూర్చుని, "కిందటి సంతకి తెచ్చిన సావిడాయిలు బాగున్నాయి, మళ్ళీ ఎప్పుడు తెస్తావు?" అని నోరూరించుకుంటూ అడిగేవారు. అక్కమ్మ వాళ్ళనేమీ అనేది కాదు. ఆమె దగ్గరున్న కోపమంతా ఒక్క మనిషి పేరు మీద ఉంది. దాన్ని వాళ్ళ మీదా వీళ్ళ మీదా చిల్లరగా ఖర్చుపెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

ఆమె తిరువూరు వచ్చింది డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో. బందరు దిగువన, సముద్రపు మొగ మీద ఉన్న పల్లెపాలెం ఆమెది. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. మొగుడు పోయి రెండేళ్ళు. పిల్లల్లేరు. ఒక గంప, ఒక గోనెపట్టా, ఒక ఇనప కత్తిపీట, ఇంతే సామాను. బెజవాడలో బస్సు మారి కండక్టరుతో, "ఈ బస్సు ఎందాకా పోద్దో అందాకా టికెట్టు కొట్టయ్యా" అంది.

"తిరువూరు దాకా పోద్ది. అక్కడ నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకే."

మైలవరం దాటింది, ఎ.కొండూరు దాటింది. ఉప్పుగాలి పోయి పొడిగాలి తగులుతున్న కొద్దీ ఆమెకు ఊపిరాడింది. సముద్రం మొగం చూడని మనుషుల మధ్య బతకాలని ఆమె కోరిక. సముద్రం మీద కోపం కాదు. సముద్రం చుట్టూ ఉన్న మనుషుల మీద.

సంతలో ఆమెకు చోటిచ్చింది జోజమ్మ. చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మేది. ఆదివారం గుడికి పోయే మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఎవరూ దగ్గరికి రానివ్వని గంపను చూసి తన మిరపకాయల బస్తా పక్కకు లాగింది.

"ఇటు కూర్చో. నా ఘాటుకి నీ కంపు తెలీదు, నీ కంపుకి నా ఘాటు తెలీదు. ఇద్దరం బతికిపోతాం."

జోజమ్మ మొగుడు లాజరు తమ ఇంటి గోడకు ఆనించి తాటాకు పంచ ఒకటి దించాడు. అక్కమ్మ కాపురం అందులోనే. పది రోజులకోసారి బందరు పోయి సరుకు తెచ్చుకునేది. నెత్తళ్ళు, సావిడాయిలు, వంజరం తునకలు, సొర ముక్కలు, రొయ్యపొట్టు. చుట్టుపక్కల గంపలగూడెం దాకా గంపతో తిరిగేది. అన్ని చేపలూ అమ్మేది, అన్నీ తినేది, రొయ్య మాత్రం నోట పెట్టేది కాదు. జోజమ్మ ఇంట్లో గోంగూరలో రొయ్యలు పడితే ఆ పూట పచ్చిమిరపకాయ కొరుక్కుని గంజి తాగేది.

సంతకు ముందురోజు పొద్దున్నే కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. ఇసుకా, ఇటుకపొడీ వేసి, తరవాత నున్నటి రాయితో గంటసేపు నూరేది. ఆ చప్పుడుకు లాజరు పళ్ళు జివ్వుమనేవి.

"ఎండుముక్క కొయ్యడానికి అంత పదునెందుకే?" అని జోజమ్మ ఒకసారి అడిగేసింది.

"ఇది చేపలక్కాదు."

"మరి దేనికి?"

"వలకి. మా బావ వల కొయ్యాలి."

అలా మొదలుపెట్టి అక్కమ్మ ఆ పొద్దున అంతా చెప్పింది.

పల్లెపాలెం వాళ్ళకు మొగే అన్నం గిన్నె. ఉప్పుటేరు సముద్రంలో కలిసే ఆ సన్నటి దారిలోంచే రొయ్యపిల్లలు ఏటా జ్యేష్ఠ పున్నమి నుంచి ఏట్లోకి ఎక్కుతాయి. నువ్వుగింజంత ఉంటాయి. మడపొదల నీళ్ళలో నాలుగు నెలలు మేసి, చూపుడువేలంత పెరిగి, మళ్ళీ సముద్రంలోకి దిగుతాయి. అవి ఎక్కే నలభై రోజులూ ఆ దారిన ఎవరూ వల వెయ్యకూడదు. పున్నమినాడు కులపెద్ద మొగకు రెండు పక్కలా సరుగుడు గుంజలు పాతించి, మధ్యన కొబ్బరితాడు లాగించి, వేపమండలు వేలాడదీసేవాడు. దాన్ని మొగ కట్టడం అనేవారు. నలభై రెండిళ్ళ వాళ్ళూ వంతులేసుకుని కాపలా కాసేవారు. గంజినీళ్ళతో గడిపేవారు గాని ఆ తాడు దాటేవారు కాదు. ఇది ఏ గవర్నమెంటూ రాసిన రూలు కాదు, ఏ ఆఫీసరుకూ తెలియదు. అయినా తాతల నాటి నుంచి నడిచింది.

తాడు దాటినవాడికి ఒక్కటే శిక్ష. ఏ వలతో తప్పు చేశాడో ఆ వల నెత్తిన పెట్టుకుని, నష్టపోయిన ఇంటి గడప ముందుకు రావాలి. ఆ ఇంటి ఆడది తన కత్తిపీట మీద ఆ వలను అంచు నుంచి అంచుకు కోస్తుంది. అంతటితో తప్పు పోయినట్టే. ఆ తరవాత దాని మాట ఎవరూ ఎత్తకూడదు. ఆమె కొయ్యనంటే మాత్రం, మళ్ళీ గుంజలు పాతే లోపల ఆ మనిషి ఊరొదిలి పోవాలి. ఏ పల్లె వాళ్ళూ వాణ్ణి రానివ్వరు. తీరని తప్పు ఊళ్ళో ఉండగా మొగ కట్టకూడదు. ఆమె కొయ్యడమన్నా జరగాలి, వాడు పోవడమన్నా జరగాలి.

అక్కమ్మ మొగుడు ఏడుకొండలు. అతని అన్న నాంచారయ్య, తోడబుట్టినవాడు. అరవై ఎనిమిదిలో రొయ్యల షావుకారొకడు లారీ వేసుకుని పల్లెకు రావడం మొదలుపెట్టాడు. పెద్ద రొయ్యను ఐసులో పెట్టి పరాయి దేశాలకు పంపేవాడు, చిన్నదాన్ని ఎండబెట్టి కోళ్ళ మేతకు తోలేవాడు. ఎంత చిన్నదైనా కొంటానన్నాడు. ఆ మాట మిగతా వాళ్ళ చెవిన పడి పోయింది, నాంచారయ్య చెవిలో మాత్రం ఉండిపోయింది. బందరు పోయి దోమతెర లాంటి సన్నకన్ను నైలాను వల తెచ్చాడు. తమ్ముడి దగ్గరికొచ్చి, "బయట సముద్రంలో చిన్నరొయ్య లాగడానికిరా, దీనికి అంచుతాడు కట్టిపెట్టు" అన్నాడు. ఏడుకొండలు నమ్మాడు. పది రోజులు అరుగు మీద కూర్చుని ఆ వలకు అంచు కట్టాడు. అతనిది ఎడమచేతి వాటం. అతని ముడి అందరి ముడిలా ఉండదు, ఎడమకు తిరిగి పడుతుంది. దారం అందించింది అక్కమ్మే.

ఆ మరుసటి ఆషాఢంలో, మొగ కట్టి ఇరవై రోజులైనాక, పొద్దు పొడిచే వేళ ఏడుకొండలు కాపలా వంతులో ఉన్నాడు. నాంచారయ్య పడవ తాడు తెంపుకుని మొగలోకి వచ్చింది. తమ్ముడు తెప్ప మీద ఎదురెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. "అన్నా, ఆపు" అని అరవడం కులపెద్దతో సహా గట్టున ఉన్న ముగ్గురు విన్నారు. పడవ ఆగలేదు. తెప్ప తిరగబడి మనిషి వలలో పడ్డాడు. రొయ్యపిల్లలతో పాటు అతన్నీ పైకి లాగారు. చచ్చిపోయినా వేళ్ళు వలను వదల్లేదు. అంచుతాడుతో సహా మూరెడు ముక్క కోసి తీస్తే తప్ప చెయ్యి విడిపించలేకపోయారు. ఆ ముక్క అక్కమ్మ తీసుకుంది.

పంచాయితీలో ప్రమాదమన్నారు. గట్టున విన్న ముగ్గురికీ ఏమీ వినపడలేదు. వారం తిరక్కుండా షావుకారు లారీ వచ్చి ఇంటింటికీ ఒక నైలాను దారం కట్ట దించింది. నలభై ఒక్క ఇళ్ళ వాళ్ళు తీసుకున్నారు. అక్కమ్మ గడప మీద పెట్టిన కట్టను ఆమె పొయ్యిలో పెట్టింది. కులపెద్ద మోపిదేవయ్య ఇంట్లో ఆ దారం మోకులా చుట్టి పెట్టి ఉండడం ఆమె కళ్ళారా చూసింది. ఆ ఏటి నుంచి మొగ కట్టినవాడు లేడు. అందరివీ సన్నకన్ను వలలే, అందరూ నాంచారయ్యలే.

రెండేళ్ళకే ఏరు ఖాళీ అయింది.

"మూడో ఏడు నేను గంపెత్తుకున్నా" అంది అక్కమ్మ, కత్తి అంచును బొటనవేలితో చూసుకుంటూ. "వాడు ఎప్పటికైనా వల నెత్తినెట్టుకుని నా ముందుకు రావాల. పైనుంచి కింద దాకా కొయ్యాల. అప్పుడు రొయ్య తింటా."

జోజమ్మ మిరపకాయల చేట పక్కన పెట్టింది. తరవాత నెమ్మదిగా అడిగింది.

"కోస్తే వాడి తప్పు పోద్దన్నావు గదా?"

"పోద్ది."

"మళ్ళీ ఎవరూ ఎత్తకూడదన్నావు గదా?"

"ఎత్తకూడదు."

"మరి నువ్వు కోసేది వాడి మేలుకేగా? పగ ఎట్టా అయిద్దే పిచ్చిదానా?"

అక్కమ్మ చేతిలో రాయి ఆగింది. ఇన్నాళ్ళూ వల తెగే చప్పుడే ఆమె చెవుల్లో ఉంది. తెగిన తరవాత వాడు తల దులుపుకుని ఇంటికి పోయి అన్నం తింటాడన్న సంగతి తోచనే లేదు. ఆ రోజు మళ్ళీ నూరలేదు. పై సంతకు మాత్రం మామూలుగానే నూరింది.

బందరు పోయినప్పుడల్లా పల్లె కబుర్లు తెలిసేవి. పడవలు ఇసకలో బోర్లపడి ఉన్నాయన్నారు. సగం మంది ఇళ్ళకు తలుపు బిగించి కాలవ పనులకు పోయారన్నారు. మోపిదేవయ్య మనవలు గంజి కోసం ఏడుస్తున్నారన్నారు. పల్లె మొగాళ్ళు బయట సముద్రానికి పోతే మరపడవలు ముందే ఊడ్చుకుపోతున్నాయన్నారు. అక్కమ్మ ఇవన్నీ వింటూ గంప సర్దుకునేది. జాలి పడిందని చెబితే అబద్ధం. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ కబుర్లను ఒక్కొక్కటీ మళ్ళీ తలుచుకునేది. ఆ పూట ఆమెకు ఆకలి బాగా వేసేది. ఎవరేమనుకున్నా సరే, ఆమెకు అదే బలం.

డెబ్బై ఆరు వైశాఖంలో, ఒక సంతరోజున, పదకొండు గంటల బస్సు దిగి ఇద్దరు మనుషులు నేరుగా ఎండుచేపల వరస వైపు వచ్చారు. ముందు మోపిదేవయ్య, చేతికర్రతో, నడుం వంగి. వెనక నాంచారయ్య. అతని నెత్తిన వల.

జనం తప్పుకుని దారిచ్చారు. చెరువుల ఊరు కాబట్టి వల కొత్తేమీ కాదు గాని, మూటకట్టని వల అంచులు భుజాల మీదికి జారుతూ, తల వంచుకుని నడిచే మనిషిని ఎవరూ చూసి ఎరగరు. అక్కమ్మ అప్పుడు గంపలగూడెం ఆసామికి సొర ముక్క తూచి ఇస్తోంది. తూకం పూర్తిచేసి, ముక్క ఆకులో చుట్టి చేతిలో పెట్టి, అప్పుడు తలెత్తింది.

"అక్కమ్మా" అన్నాడు మోపిదేవయ్య.

"చెప్పు పెద్దయ్యా."

"ఇంటికి పద తల్లీ. గడప ముందు మాట్లాడుకుందాం."

"నాకు ఇల్లెక్కడుంది? మీరుంచారా? నా గడప ఈ గోనెపట్టాయే. ఇక్కడే చెప్పు."

ముసలాయన చుట్టూ చూశాడు. మిరపకాయల వాళ్ళు, కుండల వాళ్ళు, పలుపుతాళ్ళ వాళ్ళు, సంచులు పట్టుకున్న రైతులు, అందరూ చూస్తున్నారు. గొంతు తగ్గించాడు.

"ఈ జ్యేష్ఠానికి మొగ కట్టాలనుకున్నాం. సముద్రం మన చేతిలో లేదు, మరపడవలోళ్ళని మనం ఆపలేం. మొగ ఒకటే మన చేతిలో ఉంది. అందరూ సన్నకన్ను వలలు పక్కన పడేస్తామని ఒట్టేశారు. కానీ నీ ఇంటి తప్పు తీరందే గుంజ పాతేది ఎట్టా? నాంచారయ్య ఒప్పుకున్నాడు. నువ్వు కొయ్యి తల్లీ. పిల్లలు ఆకలికి మాడిపోతన్నారు."

"ఆ రోజు నీ చెవులకేమైంది పెద్దయ్యా?"

మోపిదేవయ్య చేతికర్ర వంక చూసుకున్నాడు.

"నైలాను కట్ట అరిగిపోయిందా?"

"అరిగిపోయింది" అన్నాడు ముసలాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకూ శిక్ష పడింది. నా మనవడు ఒకడు పోయాడు, కిందటేడు. తిండి లేక మంచం పట్టి పోయాడు."

ఆ మాట అక్కమ్మకు ఎక్కడో తగిలింది. ఆ పిల్లవాణ్ణి ఆమె ఎత్తుకుంది. మూతి నిండా ఉప్పు పూసుకుని ఎండుచేప చీకేవాడు. జోజమ్మ పక్కనుంచి ఆమె మోచేతిని పట్టుకుంది.

"పిల్లల కోసం కొయ్యవే. వాడి కోసం వద్దు, పిల్లల కోసం."

అక్కమ్మ కత్తిపీట ముందుకు లాక్కుంది. కుడికాలు పీట మీద వేసి తొక్కిపట్టింది. చూస్తున్నవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు. ఆమె ఇంతవరకూ నాంచారయ్య మొహం చూడలేదు, ఇప్పుడు చూసింది. మనిషి చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. జాలిపడవలసిన మొహమే. అదే ముక్కు, అవే చెవులు, ఏడుకొండలు బతికుంటే ముసలితనంలో అలాగే ఉండేవాడు. అది చూసేసరికి ఆమెకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

"వంగు బావా" అంది.

నాంచారయ్య మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. పద్ధతి ప్రకారం వల అతను దించకూడదు. ఆమె అంచు అందుకుని కత్తికి ఆనించాలి. అక్కమ్మ చెయ్యి చాచి అంచుతాడు పట్టుకుంది. మొదటి ముడి వేళ్ళకు తగిలింది, రెండోది తగిలింది, మూడోది తగిలింది.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మొదటి ముడి దగ్గరికి వెళ్ళాయి.

ముడులన్నీ కుడికి తిరిగి ఉన్నాయి.

ఆ క్షణంలో అక్కమ్మకు కలిగింది కోపం కాదు. సంతోషం. ఏడేళ్ళుగా ఎరగని సంతోషం పాదాల నుంచి పైకి పాకింది. కత్తిపీట మీంచి కాలు తీసింది. గంప అడుగున గుడ్డలో చుట్టి ఉన్న మూరెడు వల ముక్క తీసి, గోనెపట్టా మీద పరిచింది.

"పెద్దయ్యా, కూర్చో. నీకు చూపానకపోయినా వేళ్ళకి తెలుసుద్ది. ఈ ముక్క అంచు పట్టుకు చూడు. తరవాత ఆ నెత్తి మీద వల అంచు పట్టుకు చూడు."

మోపిదేవయ్య గోనెపట్టా మీద కూలబడ్డాడు. ముక్క అందుకున్నాడు. డెబ్బై ఏళ్ళు వలలు అల్లిన చేతులు. ఒక ముడి చాలు, ఏ ఇంటివాడు కట్టాడో చెబుతాయి. ఆ తరవాత నాంచారయ్య భుజం మీద వేలాడుతున్న అంచు పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఇది ఏడుకొండలు కట్టిన అంచు కాదు" అన్నాడు చివరికి. "ఆ వలేదిరా?"

నాంచారయ్య తల ఇంకా కిందికి వంచాడు.

"ఆ వలేదిరా అంటన్నా!"

"మా అల్లుడి దగ్గరుంది." అన్నాడు నాంచారయ్య. "దక్షిణం పక్క మొగలో... వాళ్ళ దగ్గర ఇంకా రొయ్యపిల్ల పడతంది. కొత్త వల కొనాలంటే మాటలా? పాతదాన్ని కోసి పారేస్తే ఏం లాభమని..."

జోజమ్మ "ఓరి నీ దుంపతెగ" అని గట్టిగానే అనేసింది. మోపిదేవయ్య చేతికర్ర ఎత్తాడు. దెబ్బ వెయ్యకుండానే దించాడు. పక్క ఊరి మొగను ఇప్పటికీ ఊడుస్తున్న వల ఉందని, దాని బదులు చవగ్గా కొన్న పాత వల ఒకటి నెత్తినెత్తుకుని ఇంతదూరం బస్సులో వచ్చాడని ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వల అంచును అక్కమ్మ చూస్తుందని నాంచారయ్య అనుకోలేదు. తమ్ముడు అంచు కట్టిన పది రోజులూ ఆమె దారం అందించిన సంగతి అతనికి గుర్తే లేదు. అతనికి వలంటే కన్నూ, దారం, బరువూ, అంతే. కట్టిన చెయ్యి అతని లెక్కలోకి రాలేదు.

అక్కమ్మ లేచి నిలబడింది.

"నేను కొయ్యను పెద్దయ్యా. పద్ధతి నీకు తెలుసు. జ్యేష్ఠ పున్నమి లోపల ఈ మనిషి ఊళ్ళో ఉండకూడదు. ఇతను పోయినాక గుంజలు పాతుకోండి. పిల్లల కడుపు నేను కొట్టటం లేదు. తాడు కట్టించు, ఈసారి నీ చెవులు పనిచేసేటట్టు చూసుకో."

"అక్కమ్మా!" నాంచారయ్య అరిచాడు. "ఒసే అక్కమ్మా, ఈ వయసులో నన్ను ఎక్కడికి పొమ్మంటావే? ఏ పల్లోడూ రానివ్వడు. సముద్రం లేకుండా నేనెట్టా బతుకుతాను?"

"నేను బతకలా నాంచారయ్యా?"

బావా అనలేదు. ఆ సంగతి సంతలో మోపిదేవయ్య ఒక్కడికే తెలిసింది, ఆయన తల దించుకున్నాడు. అక్కమ్మ మళ్ళీ కూర్చుంది. కత్తిపీట పక్కకు తిప్పి, "తరవాత ఎవరమ్మా? ఏం కావాలి, నెత్తళ్ళా?" అని అడిగింది. ఒకామె భయపడుతూనే సంచీ ముందుకు చాపింది.

నాంచారయ్య నెత్తిన వల అలాగే ఉంది. ఆమె దించితేగాని అది దిగకూడదు. పద్ధతి అది. అంత మోసగాడూ ఆ ఒక్కటీ తప్పలేకపోయాడు. వైశాఖపు ఎండలో, జనం వచ్చి చూసిపోతుంటే, సాయంత్రం దాకా ఆమె ముందు నిలబడ్డాడు. అక్కమ్మ ఆ రోజు సరుకంతా అమ్మింది. బెజవాడ బస్సు వచ్చినప్పుడు కండక్టరు అతని వాసన చూసి, "ఏయ్, ఆ వలతో లోపలికి రాకు, పైకెక్కు" అన్నాడు. అరవై ఏళ్ళ మనిషి బస్సు వెనక నిచ్చెన పట్టుకుని, వల నెత్తిన ఉండగానే, పైకి ఎక్కాడు. అక్కమ్మ గంప దులుపుకుంటూ అది చివరిదాకా చూసింది.

ఇంటికి పోయే దారిలో జోజమ్మ అడిగింది.

"నీకు చల్లగా ఉందా?"

"చల్లగా ఉంది."

"మా దేవుడు మెచ్చడే."

"మీ దేవుడి వెంట తిరిగినోళ్ళూ జాలర్లేగా జోజమ్మా. వాళ్ళని అడుగు, వల మార్చి తెచ్చినోణ్ణి ఏం చేస్తారో."

జోజమ్మ నవ్వాలో వద్దో తెలియక గుండెల మీద సిలువ వేసుకుంది.

ఆ జ్యేష్ఠానికి పల్లెపాలెంలో మొగ కట్టారు. దానికి వారం ముందు నాంచారయ్య ఊరొదిలాడు. అల్లుడి ఊరివాళ్ళు రానివ్వలేదు, పై పల్లె వాళ్ళు రానివ్వలేదు. ఆ పద్ధతి తెలియని చోటికే అతను పోవాలి. మెట్ట వైపు అతనికి తెలిసిన దారి ఒక్కటే, వల నెత్తిన పెట్టుకుని వచ్చిన దారి. తిరగ్గా తిరగ్గా గంపలగూడెం దగ్గర వినగడపలో ఒక రైతు దగ్గర పనికి కుదిరాడు. మిరపతోటలో కూలి. మడి కట్టడం తెలియదు, గొడ్డును పట్టడం తెలియదు. నడుం నొప్పితో అరిచేవాడని, పొద్దుగూకితే గట్టు మీద కూర్చుని తూర్పు దిక్కు చూసేవాడని ఆ ఊరి ఆడవాళ్ళు అక్కమ్మతో చెప్పారు. ఆమె "అట్టాగా" అని వాళ్ళకు గుప్పెడు నెత్తళ్ళు కొసరు వేసింది.

కార్తీకం వెళ్ళాక బందరు నుంచి ఆమె పేరన ఒక గంప వచ్చింది. మోపిదేవయ్య పంపాడు. మొగ కట్టిన ఏడు మొదటి పట్టులోంచి నష్టపోయిన ఇంటికి ఒక పాలు పోవాలి, అదీ పద్ధతే. అరటాకులు తీసి చూస్తే ఎండురొయ్యలు. ఎండినా ఒక్కొక్కటి చూపుడువేలంత ఉంది. ఎర్రగా, మీసాలతో, తలలతో. ఆ రాత్రి జోజమ్మ గోంగూరలో వేసి వండింది. ఏడేళ్ళ తరవాత అక్కమ్మ రొయ్య తిన్నది. రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మిగిలిన రొయ్యలు పై సంతలో పెడితే నాంచారయ్య వచ్చాడు. కూలికి కుదిరాక ఎప్పుడూ రాలేదు, వాసనే లాక్కొచ్చి ఉండాలి. కాళ్ళ నిండా రేగడి మట్టి, తలకు చిరిగిన తువ్వాలు. గంప ముందు నిలబడి, చాలాసేపు ఆ రొయ్యల వంక చూసి, గొంతుక్కూర్చున్నాడు.

"మన మొగవేనా?" అన్నాడు.

అక్కమ్మ తక్కెడ తుడుచుకుంటోంది.

"ఒక్క సోలెడు ఇవ్వు అక్కమ్మా. డబ్బులు తెచ్చా. రొయ్య తిని ఆర్నెల్లయింది." నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పబోయాడు.

జోజమ్మ పక్కనుంచి, "ఇవ్వవే. ముసలోడు" అంది మెల్లగా.

అక్కమ్మ గంపలో చెయ్యి పెట్టింది. అన్నిటిలోకీ పెద్దదాన్ని ఏరింది. మీసాలు పట్టుకుని పైకెత్తి, అతని కళ్ళ ముందు పెట్టింది. నాంచారయ్య రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"చూడు. నువ్వు కోళ్ళమేతకి ఎత్తిన పిల్లలు, వదిలేస్తే ఇంత అవుతాయి."

అతని దోసిలి ఇంకా అలాగే ఉంది.

"చూశావుగా. ఇక వెళ్ళు" అని ఆ రొయ్యను మళ్ళీ గంపలో వేసింది.